గిడుగు వారి చెవుడు – మన చెవులు

ప్రతి ఏటా ఆగస్టు 29వ తేదీన తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాము. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. పటానికి దండ వేస్తారు, నలుగురు వక్తలు వ్యావహారిక భాషోద్యమం గురించి మాట్లాడతారు, చివర కాఫీ ఇస్తారు. అటువంటి సభలు నేను ఓ ఇరవై దాకా చూసి ఉంటాను. ఒక్క సభలోనూ ఆయన చెవుడు గురించి నిమిషానికి మించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. (వినలేదు అనే మాట నేను కొంచెం జాగ్రత్తగా వాడాలి. చివరి ఐదారు సభల్లో వక్తలు చెప్పినదాంట్లో సగం నాకు వినబడనేలేదు. ఆ సంగతి తర్వాత మనవి చేస్తాను.)

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకులు అడిగినప్పుడు ఈ చెవుడు చరిత్రే రాద్దామనిపించింది. మన సంఘంలో బి.పి. గురించీ, షుగరు గురించీ, కంటి శుక్లాల గురించీ ఎంతైనా మాట్లాడుకొంటాము. చెవి దగ్గరకు వచ్చేసరికి నవ్వేసి ఊరుకుంటాము.

రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకొన్నారు, గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూలులో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష ఆయన్ను ఆకర్షించింది. వాళ్ళకు లిపి లేదు, పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకొని భాష నేర్చుకొన్నారు. ఆ పైన కొండలెక్కి ఊరూరా తిరిగారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చారు.

కొండల్లో తిరిగినవాడికి మన్యం జ్వరం రాకుండా ఉండదు. ఆ జ్వరానికి అప్పుడున్న మందు క్వినైను ఒక్కటే. జ్వరం వచ్చినప్పుడల్లా క్వినైను తిన్నారు, చెవులు పోగొట్టుకొన్నారు. ఆయన జీవితం గురించి రాసినవారు ఈ సంగతి ఒక వాక్యంలో చెప్పి ముందుకు వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆ వాక్యం దగ్గర ఆగాలనిపిస్తుంది. సవర భాషలో గొంతులోనే తెగి ఆగిపోయే ధ్వనులు ఉంటాయి. అవి పట్టుకోవాలంటే చాలా నిశితమైన చెవి కావాలి. ఆ భాష కోసం కొండలెక్కిన మనిషికి ఆ కొండల జ్వరమే వినికిడి లేకుండా చేసింది.

క్వినైను కథ కూడా కొంచెం చెప్పాలి. సింకోనా అనే చెట్టు బెరడు నుంచి దాన్ని తీస్తారు. ఆ చెట్టు దక్షిణ అమెరికాది. 1860 ప్రాంతంలో ఇంగ్లీషువారు తెచ్చి నీలగిరి కొండల్లో వేశారు, అక్కడే మందు తయారుచేసే ఫ్యాక్టరీ పెట్టారు. పోస్టాఫీసుల్లో కార్డులూ కవర్లతో పాటు క్వినైను పొట్లాలు కూడా అమ్మించేవారు. మలేరియా దోమ వల్ల వస్తుందని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే 1897 ఆగస్టు 20న కనిపెట్టాడు. కాని దోమను చంపే డి.డి.టి. వచ్చేదాకా ఇంకో యాభై ఏళ్ళు జనానికి దిక్కు ఆ చేదు మందే. మన జిల్లాల ఉద్యోగులకు ఇది బాగా తెలిసిన కథ. 1959 దాకా భద్రాచలం తాలూకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. అటు భద్రాచలం, రంపచోడవరం, ఇటు పోలవరం, ఏ ఏజెన్సీకి బదిలీ అయినా శిక్ష కిందే లెక్క. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏజెన్సీలో చేసి వచ్చిన పాత గుమస్తాలు చెవుల్లో జోరీగ తిరుగుతోందని చెప్పుకొనేవారు. ఆ జోరీగ పేరే క్వినైను. మందు ఎక్కువైతే ముందు చెవుల్లో హోరు పుడుతుంది, తల తిరుగుతుంది, ఎదుటివాడి మాట దూరమైపోతుంది. మందు మానేస్తే చాలామందికి మళ్ళీ సర్దుకొంటుంది, కొందరికి సర్దుకోదు.

పంతులుగారు 1911లో పదవీ విరమణ చేశారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. పింఛనుదారు మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే పనిలో ఎక్కువ భాగం ఈ విరమణ తర్వాతదే. 1919లో రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా, ఈయన కార్యదర్శిగా వ్యావహారిక భాష కోసం సమాజం పెట్టారు. ఆ ఏడే 'తెలుగు' అనే మాసపత్రిక మొదలుపెట్టారు. అవతలి పక్షాన నిలబడిన జయంతి రామయ్య పంతులుగారు మన కోనసీమ ముక్తేశ్వరం వారు. 1925లో మన తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సమావేశంలో రామమూర్తిగారు నాలుగు గంటలసేపు మాట్లాడారని, గ్రాంథికవాదుల పుస్తకాల్లోంచే వాళ్ళ తప్పులు తీసి చూపించారని చెబుతారు. సరిగా వినబడని మనిషి సభకు వెళ్ళడమే సాహసం. వాదానికి వెళ్ళడం ఎంత సాహసమో మనలో యంత్రం పెట్టుకొన్నవాళ్ళను అడగండి.

1931లో సవర భాషకు వ్యాకరణం అచ్చయింది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు, ఆ రాష్ట్రంలో ఉండడం ఇష్టంలేక రాజమహేంద్రవరం వచ్చేసి చివరి రోజులు ఇక్కడే గడిపారు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. అప్పటికి డెబ్భై అయిదేళ్ళు. 1940 జనవరి 22న కాలం చేశారు. గోదావరి గట్టున మనం సాయంత్రం నడిచే రోడ్ల మీద ఆయన కూడా నడిచి ఉంటారు, వెనుక నుంచి వచ్చే జట్కా గంట వినబడకుండానే.

ఇక చెవి సంగతి. ఇది మనవాళ్ళకు కొత్త శాస్త్రం కాదు. సుశ్రుత సంహితలో చెవి రోగాలు ఇరవై ఎనిమిది చెప్పారు. హోరును కర్ణనాదమనీ, చెవుడును బాధిర్యమనీ, చీము కారడాన్ని కర్ణస్రావమనీ విడివిడిగా గుర్తించారు. అంత శాస్త్రం ఉన్న దేశంలో మన ఇళ్ళదాకా మిగిలింది ఏమిటయ్యా అంటే, చెవిలో నూనె పొయ్యడం ఒక్కటే. చిన్నప్పుడు మేము కాలవలో గంటల తరబడి ఈదేవాళ్ళం. చెవిలో నీళ్ళు, ఆ తర్వాత పోటు, ఆ తర్వాత చీము. మా నాయనమ్మ వెల్లుల్లిపాయ వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోసి దూది పెట్టేది. ప్రేమతోనే పోసింది, ఆవిడను తప్పుపట్టను. కాని కర్ణభేరికి చిల్లి పడిన చెవిలో నూనె పోస్తే అది మధ్య చెవిలోకి దిగి రోగం ముదురుతుందని డాక్టర్లు చెబుతారు. చీము కారే చెవికి నీళ్ళు తగలకూడదు, నూనె తగలకూడదు, మందు డాక్టరు చెప్పిందే వెయ్యాలి. మా ఈడు వాళ్ళలో ఎడమ చెవో కుడి చెవో చిన్నప్పుడే సగం పోయినవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. అందులో చాలా భాగం ఆపగలిగినదే. పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో అరవై శాతం దాకా నివారించదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

గుబిలి తియ్యడానికి మనం వాడే ఆయుధాలు తలుచుకొంటే భయం వేస్తుంది. కోడి ఈక, అగ్గిపుల్ల, పిన్నీసు, ఆఫీసులో అయితే పెన్ను మూత, గుండుసూది వెనక భాగం. ఫైళ్ళు కుట్టే దబ్బనం చెవిలో పెట్టినవాణ్ణి కూడా నేను చూశాను! గుబిలి మురికి కాదు, చెవికి కాపలా. అది తనంతట తాను బయటకు జరుగుతుంది. మనం పుల్ల పెట్టి లోపలికి కుక్కుతాము. ఇప్పటి దూది పుల్లలూ అదే పని చేస్తాయి. గట్టిపడి చెవి మూసుకుపోతే చెవి డాక్టరు చేత తీయించుకోవాలి. అంతే.

క్వినైను పోయిన తర్వాత ఇంకో మందు వచ్చింది. 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. క్షయకు అంతకు ముందు మందే లేదు, కాబట్టి అది అమృతమనే చెప్పాలి. కాని ఆ ఇంజక్షన్లు నెలల తరబడి చేయించుకొన్నవారిలో కొందరికి తల తూలడం, కొందరికి చెవుడు వచ్చాయి. దాని తర్వాత వచ్చిన కనామైసిన్, జెంటామైసిన్ కూడా అదే జాతి. ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడు డాక్టరు లెక్క చూసి ఇస్తాడు, దానికి అభ్యంతరం లేదు. చిన్న జ్వరానికి ఊళ్ళో ఎవరో ఒకరి చేత సూది వేయించుకొనే అలవాటుతోనే ప్రమాదం. మూత్రపిండాలు సరిగా లేనివాళ్ళకు మరీను.

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చిన్న భాగం ఉంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు పదిహేను వేల సన్నని కణాలుంటాయి, వాటికి వెంట్రుకల వంటి కొనలు. శబ్దాన్ని మెదడుకు పంపేవి అవే. మందు వల్ల పోయినా, మోత వల్ల పోయినా, వయసు వల్ల పోయినా అవి మళ్ళీ మొలవవు. మన డెల్టాలో రైసు మిల్లుల్లో ముప్ఫయ్యేళ్ళు పని చేసినవాళ్ళు, లాంచీ ఇంజను డ్రైవర్లు గట్టిగా మాట్లాడడం అందుకే. వాళ్ళకు అది కోపం కాదు, వాళ్ళ గొంతు వాళ్ళకు వినబడదు. 1995 జనవరిలో పాశర్లపూడి బ్లోఔట్ అరవై అయిదు రోజులు మండినప్పుడు ఆ హోరు ఎంత దూరం వినబడిందో కోనసీమవాళ్ళు ఇప్పటికీ చెప్పుకొంటారు. ఈ కాలంలో పెళ్ళి ఊరేగింపు పక్కన నిలబడినా గుండెలు అదురుతున్నాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వెయ్యకూడదని 2000 సంవత్సరం నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. వాటిని మన వీధిలో ఎవరైనా పాటించగా చూశారా?

ఇక నా సంగతి చెబుతానన్నాను.

నేను 1973లో గుమస్తాగా చేరిన ఆఫీసు పేరు చెప్పను. అక్కడ పెద్ద గుమస్తా గారికి చెవుడు. మంచి పనిమంతుడు, ఆయన రాసిన నోటు ఫైలుకు తిరుగు ఉండేది కాదు. కాని ఆఫీసరు ఒకటి చెబితే ఆయనకు ఇంకొకటి వినబడేది. ట్రంకాల్ వస్తే ఫోను దగ్గరకు వెళ్ళేవారు కాదు, ఏదో పని కల్పించుకొని రికార్డు రూములోకి పోయేవారు. మేము కుర్రాళ్ళం వెనక నుంచి పెదవులు కదిపి, మాట లేకుండా మాట్లాడినట్టు నటించి నవ్వుకొనేవాళ్ళం. ఆయన కూడా నవ్వేవారు, ఎందుకు నవ్వుతున్నామో తెలియక. 'చెవిటి మేళం' అని పేరు పెట్టాము. ఒకసారి తప్పుడు తేదీ విని రిపోర్టు ఆలస్యం చేశారని మెమో వచ్చింది. ఫలానా తేదీ అని చీటీ మీద రాసి ఇచ్చి ఉంటే సరిపోయేది. ఇవ్వవచ్చునని మాలో ఒక్కడికీ తోచలేదు, నాతో సహా.

నాకు అరవై ఆరో ఏట మొదలైంది. మొదలైందని నాకు తెలియదు, మా ఆవిడకు తెలిసింది. “టి.వి. సౌండు తగ్గించండి, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు” అనేది. మనుషులందరూ గొణగడం మొదలుపెట్టారని నేను అనుకొన్నాను. మనుమలు మాట మింగేస్తున్నారని విసుక్కొన్నాను. వయసు మీద పడినప్పుడు ముందు పోయేది సన్నటి, పై స్థాయి శబ్దాలు. అచ్చుల్లో బలం ఎక్కువ, అవి నిలుస్తాయి. త, ప, స, క వంటి హల్లులు జారిపోతాయి. మన భాషలో మాటలన్నీ అచ్చుతో ముగుస్తాయని గొప్పగా చెప్పుకొంటాము కదా, ఆ గొప్పే చెవిటివాడికి చిక్కు తెస్తుంది. పప్పు, తప్పు, కప్పు అన్నీ ఒకటే. మాట వినబడుతుంది, ఏ మాటో తెలియదు. అందుకే గట్టిగా అరిస్తే లాభం లేదు. ఎదురుగా నిలబడి, కాస్త నెమ్మదిగా చెబితే తెలుస్తుంది.

తెలియనప్పుడు మళ్ళీ అడగడానికి సిగ్గు. ఒకసారి “ఏమన్నారు?” అంటాము, రెండోసారి అంటాము, మూడోసారి “ఆఁ ఆఁ, అలాగే” అనేస్తాము. ఈ “ఆఁ ఆఁ” తోనే నేను ఆరేళ్ళు గడిపాను. సభలకు వెళ్ళడం తగ్గించాను. కౌంటరు దగ్గర నా పేరు పిలిస్తే వినబడక, నా వెనకవాళ్ళు వెళ్ళిపోయి నేను మధ్యాహ్నం దాకా కూర్చున్న రోజులున్నాయి.

కోనసీమలో మా అక్కయ్య ఉండేది. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. ఒక సాయంత్రం ఫోను చేసింది. ఆమె గొంతు సన్నం, నాకు ముక్కలు ముక్కలుగా వినబడింది. పిల్లల సంగతులేవో చెబుతోందనుకొన్నాను. “సంతోషం అక్కయ్యా, చాలా సంతోషం, అలాగే” అని పెట్టేశాను. తొమ్మిది రోజుల తర్వాత మేనల్లుడు ఫోను చేస్తే మా అబ్బాయి తీశాడు. నేను వెళ్ళేసరికి ఆమెకు మాట లేదు, కళ్ళు తెరిచి చూసింది. మేనల్లుడు తర్వాత చెప్పాడు. “ఒంట్లో బాగోలేదురా తమ్ముడూ, ఒక్కసారి వచ్చి కనబడి వెళ్ళు అని మీకు చెప్పిందట మావయ్యా. వాడు సంతోషం అన్నాడురా అని రెండు మూడుసార్లు అంది.” వాడు దెప్పిపొడుపుగా అనలేదు, ఉన్నది చెప్పాడు. నేను ఏమీ జవాబు చెప్పలేకపోయాను.

దశదిన కర్మ అయిన మరుసటి వారం పరీక్షకు వెళ్ళాను. చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు పెట్టి, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమంటారు. నొప్పి లేదు, సూది లేదు, అరగంట పని. ఆరేళ్ళు దాన్ని తప్పించుకు తిరిగాను.

వినికిడి యంత్రాల చరిత్ర కూడా తమాషాగానే ఉంటుంది. పూర్వం కొమ్ముబూరా వంటి గొట్టాలు చెవిలో పెట్టుకొనేవారు, సంగీతకారుడు బీథోవెన్ అవే వాడాడు. కరెంటుతో పనిచేసేది 1898లో అమెరికాలో వచ్చింది. 1950ల మొదట్లో ట్రాన్సిస్టరు వచ్చాక చొక్కా జేబులో పట్టేంత అయింది. మన ఆఫీసుల్లో కొందరు పెట్టుకొన్న వైరు మోడల్ అదే. జేబుకు చొక్కా రాసుకొన్నప్పుడల్లా బరబరమనేది. 1990ల మధ్య నుంచి డిజిటల్ యంత్రాలు వచ్చాయి. ఎవరి చెవి లోపానికి తగ్గట్టు వారికి సరిచేస్తారు. అందుకే ఇంకొకరి యంత్రం, పరీక్ష లేకుండా కొన్న యంత్రం కూడదు. పెట్టుకొన్న మొదటి నెల నరకమే. ఫ్యాను, గిన్నెలు, కాగితం మడత, అన్నీ మీద పడతాయి. సొరుగులో పడెయ్యాలనిపిస్తుంది. మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోవాలి. మన డెల్టా ఉక్కకు, చెమటకు అవి త్వరగా పాడవుతాయి కాబట్టి రాత్రి తీసి, తేమ పీల్చే పొట్లం వేసిన డబ్బాలో పెట్టాలి.

ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. మైసూరులో 1965లో వాక్కు, వినికిడి శాస్త్రానికి అఖిల భారత సంస్థ పెట్టారు. బొంబాయిలో 1983లో అలీ యావర్ జంగ్ పేరు మీద జాతీయ సంస్థ వచ్చింది, దాని శాఖ సికింద్రాబాదులో ఉంది. 2007లో చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం మొదలైంది. దేశంలో సుమారు ఆరు కోట్ల ముప్ఫై లక్షల మందికి చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉందని ఆ కార్యక్రమం అంచనా. అరవై దాటినవాళ్ళలో నూటికి పాతికమందికి పైగా ఇబ్బందిపెట్టే స్థాయి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మార్చి 3ను ప్రపంచ వినికిడి దినంగా జరుపుతున్నారు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి ఉంది. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులలో కూడా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. దూరం అనే సాకు మనకు పోయింది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. రాత్రి బాగానే పడుకొని, పొద్దున్న లేచేసరికి ఒక చెవి హఠాత్తుగా పోతే, గుబిలి అడ్డుపడిందనుకొని వారం కూర్చోకండి. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మొదటి రోజుల్లో మందు పడితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది, ఆలస్యమైతే అది తగ్గిపోతుంది. షుగరు ఉన్నవారు కళ్ళ పరీక్షతో పాటు చెవి పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది. వినికిడి పోయి ఒంటరిగా కూర్చొనేవారిలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనబడుతున్నదని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017 నుంచి చెబుతూ వస్తోంది. యంత్రం పెట్టుకొంటే ఆ జబ్బు రానే రాదని ఎవరూ హామీ ఇవ్వరు. నలుగురిలో కూర్చోగలుగుతాము, అది నేను హామీ ఇస్తాను.

మా పెద్ద గుమస్తా గారు విరమణ చేసిన కొద్ది ఏళ్ళకే పోయారు. నేను క్షమాపణ చెప్పుకోలేదు. ఈ మధ్య ఆయన కుమార్తె ఒక పెళ్ళిలో కనబడి, నా చెవి వెనక యంత్రం చూసి, “మా నాన్నగారికి కూడా ఇలాంటిది ఉండి ఉంటే బాగుండేదండీ” అంది. స్పష్టంగా వినబడింది.

నాకు కుడి చెవికే యంత్రం ఉంది, ఎడమది యంత్రంతో బాగుపడే స్థితి దాటిపోయింది. వచ్చే నెల సమావేశంలో నాతో మాట్లాడదలచిన మిత్రులు దయచేసి నా కుడి పక్కన కూర్చోవలసిందిగా మనవి. సంఘం కార్యదర్శిగారు మైకు కొంచెం నోటికి దూరంగా పెట్టుకొని మాట్లాడితే మరీ మంచిది.